ఎండాకాలంలో సీప్యాప్‌తో నిద్ర: గాలి, చెమ్మ, చెమట

(స్లీప్ అప్నియా, అంటే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు, ఉన్నవాళ్ళకూ వాళ్ళ కుటుంబాలకూ చేసిన ప్రసంగం. సీప్యాప్ అంటే మాస్కు గుండా ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకోకుండా చూసే మిషను. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఎండలు ముదరగానే మాస్కు తీసి పక్కన పెట్టేసి, "ఈ రెండు నెలలు ఎలాగోలా గడిపేద్దాం" అనుకున్నవాళ్ళు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? మొహమాటం వద్దు, చెయ్యెత్తండి. చాలామందే ఉన్నారు. తప్పు పట్టడానికి అడగలేదండి. ఉక్కపోతలో ముఖానికి సిలికాన్ అంటించుకుని పడుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ నిద్రలో గొంతు మూసుకుపోవడం ఎండాకాలం వచ్చిందని ఆగదు కదా? మాస్కు తీసిన మొదటి రాత్రే గురక, ఊపిరి ఆగడం, ఆక్సిజన్ పడిపోవడం మళ్ళీ మొదలవుతాయి. అందుకని మాస్కు తియ్యకుండా ఈ వేడిని ఎలా దాటాలో, అదొక్కటే ఈ పూట మాట్లాడుకుందాం.

"సీప్యాప్ పెట్టుకుంటే వేడిగా ఉందండి" అంటారు. సరే, ఏది వేడిగా ఉంది? ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు. ముక్కులోకి వచ్చే గాలి వేడిగా ఉందా? గాలి బరువుగా, ఊపిరాడనట్టు ఉందా? లేక మాస్కు కింద చర్మం చెమట పట్టి చిటచిటలాడుతోందా? మూడూ వేరువేరు బాధలు. ఒకదానికి పనికొచ్చే మందు ఇంకోదానికి పనికిరాదు, కొన్నిసార్లు దాన్ని పెంచుతుంది కూడా. ఈ రాత్రి మాస్కు పెట్టుకున్నాక ఒక్క నిమిషం ఆగి, ఆ మూడింట్లో మీది ఏదో తేల్చుకోండి. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు గాలి సంగతి. సీప్యాప్ మిషను ఏసీ కాదు. గదిలో ఉన్న గాలినే పీల్చి, ఫిల్టరు గుండా పోనిచ్చి, చిన్న మోటారు ఫ్యానుతో ఒత్తిడి పెంచి మీకు పంపుతుంది. గాలిని నొక్కినప్పుడు, మోటారు తిరిగినప్పుడు కొంత వేడి పుడుతుంది. అందుకే మీకు అందే గాలి గది గాలికంటే సుమారుగా రెండు మూడు డిగ్రీలు ఎక్కువగా ఉండొచ్చు. ప్రెషరు ఎక్కువున్నవాళ్ళకు ఇంకాస్త తెలుస్తుంది. గది 34 డిగ్రీలుంటే ముక్కు దగ్గర గాలి 24 డిగ్రీలు ఎలా వస్తుంది? రాదు. చాలా మిషన్ల పుస్తకంలో వాడకానికి 5 నుంచి 35 డిగ్రీల గది వేడి అని రాసి ఉంటుంది. మీ మిషను పుస్తకం తీసి ఆ అంకె ఒకసారి చూసుకోండి.

ఇక్కడే ఒక అపోహ. వేడి ట్యూబు ఉన్న మిషన్లలో ట్యూబు ఉష్ణోగ్రత పెట్టుకునే వీలుంటుంది, కొన్నింట్లో 16 నుంచి 30 డిగ్రీల దాకా. దాన్ని 16కి తగ్గిస్తే గాలి చల్లబడుతుందని అనుకుంటారు. చల్లబడదండి. ఆ ట్యూబులో ఉన్నది వేడి చేసే తీగ మాత్రమే, చల్లార్చేది ఏమీ లేదు. గది 32 ఉంటే మీరు 16 పెట్టినా 25 పెట్టినా ఒకటే. తీగ పని చెయ్యకుండా ఊరుకుంటుంది, అంతే. అదే గది ఏసీతో 23 ఉండి, మిషను ఆటోలో ట్యూబును 27కి తీసుకెళ్తుంటే, అప్పుడు మీకు వేడిగా అనిపిస్తుంది. అలాంటివాళ్ళు ఆటో తీసేసి గది ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీ పైన పెట్టుకుంటే సరిపోతుంది.

మరి గాలి వేడి తగ్గించడానికి ఏం చెయ్యగలం? మిషను ఎక్కడ పెట్టామో చూడాలి. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి మిషను మంచం కంటే కిందుగా ఉండడం మంచిది. అలాగని నేల మీద పెట్టకండి, దుమ్మంతా దానిలోకే పోతుంది. నేలకు జానెడు ఎత్తున చిన్న పీట చాలు. సాయంత్రం ఎండ పడే గోడ పక్కన పెట్టొద్దు. కర్టెన్ వెనకా వద్దు, మంచానికీ గోడకీ మధ్య ఇరికించడమూ వద్దు. గాలి పీల్చే వైపు బెత్తెడైనా ఖాళీ ఉండాలి. ఆ పక్కనే ఫోను చార్జర్లూ, టీవీ డబ్బాలూ, ఇన్వర్టరూ పెడితే వాటి వేడినంతా మిషను పీల్చి మీకే పంపుతుంది.

ఫిల్టరు చూసి ఎన్నాళ్ళైంది? దుమ్ము పట్టిన ఫిల్టరుతో అదే ప్రెషరు ఇవ్వడానికి మోటారు ఎక్కువ కష్టపడాలి, ఎక్కువ వేడెక్కుతుంది, చప్పుడూ పెరుగుతుంది. ఈ రోజుల్లో కిటికీలు తెరిచి పడుకుంటాం, దుమ్ము ఎక్కువ. వారానికి ఒకసారి తీసి వెలుతురులో చూడండి. తెల్లటి కాగితం లాంటి ఫిల్టరు బూడిదరంగులోకి మారితే పారెయ్యడమే, దాన్ని కడగకూడదు. నల్ల స్పాంజిలా ఉండేదైతే కడగొచ్చు, కానీ పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి ఫిల్టరు గాలిని అడ్డుకుంటుంది, తడి మోటారు వైపు కూడా పోతుంది.

ట్యూబుకు గుడ్డ తొడుగు ఉంటే ఇప్పుడు తీసెయ్యండి. అది చలికాలానికి. మామూలు ట్యూబు 1.8 మీటర్లు ఉంటుంది. దుప్పటి కింద నుంచి కాకుండా బయట నుంచి వస్తే, మిషనులో ఎక్కిన వేడిలో కొంత దారిలోనే గదిలోకి పోతుంది.

ఐసు గురించి అడుగుతారు. గాలికి చెమ్మ కలపడానికి మిషనుకు ఉండే నీళ్ళ డబ్బాలో ఐసు ముక్కలు వెయ్యొచ్చా? వద్దండి. ఐసు కరిగి నీళ్ళు గీత దాటితే ఆ నీళ్ళు మిషనులోకో ట్యూబులోకో వెళ్తాయి. పైగా కాసేపట్లో కరిగిపోతుంది, ఆ తర్వాత రాత్రంతా లాభం సున్నా. మిషను మీద ఐసు ప్యాకు పెట్టడం, తడిగుడ్డ కప్పడం అస్సలు చెయ్యొద్దు. అది కరెంటు వస్తువు.

ఇక అసలు సంగతికి వద్దాం. ఎక్కువమంది పొరపడేది చెమ్మ దగ్గర. ఆ నీళ్ళ డబ్బాను వేడి చేసి గాలికి చెమ్మ కలిపే భాగమే హ్యుమిడిఫయర్. దాని అంకె పెంచితే చెమ్మ పెరుగుతుంది. "ఎండాకాలం కదా, హ్యుమిడిఫయర్ ఆపేశాను" అంటారు. "లేదండీ, గొంతెండుతోంది, ఆరులో పెట్టాను" అంటారు ఇంకొకరు. ఇద్దరిలో ఎవరిది రైటు? గదిలో ఎలాంటి వేడి ఉందో చూడకుండా చెప్పలేం.

కొంచెం లెక్క చూద్దాం, విసుక్కోకండి. మన ఊపిరితిత్తుల్లో గాలి 37 డిగ్రీల దగ్గర, పూర్తి చెమ్మతో ఉంటుంది. ఘనపు మీటరుకు 44 గ్రాముల నీరు. బయటి గాలిని అక్కడిదాకా తేవడం ముక్కు పని. వడగాలి వీచే పొడి వేడిలో, 40 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకోండి, ఘనపు మీటరులో సుమారు 10 గ్రాముల నీరే ఉంటుంది. ఏసీ గదిలో 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే? దాదాపు 11 గ్రాములు. చూశారా, ఒకటి కొలిమి, ఒకటి చల్లటి గది, కానీ ముక్కుకు రెండూ ఒకేలాంటి పొడి గాలే! అదే ఉక్కపోతలో, 31 డిగ్రీలు, 80 శాతం తేమలో, 25 గ్రాముల పైనే ఉంటుంది. రెండింతలకంటే ఎక్కువ.

కాబట్టి పొడి వేడిలోనూ ఏసీలోనూ చెమ్మ కావాలి. అది లేకపోతే ముక్కు లోపలి పొర ఎండి వాస్తుంది. ముక్కు దిబ్బడేస్తే నోరు తెరుచుకుంటుంది, నోట్లోంచి గాలి పోతుంది, ఒక వైపే పోయే ఆ గాలి ముక్కును ఇంకా ఎండబెడుతుంది. పొద్దున లేచేసరికి నాలుక చెక్కలా ఉంటుంది. ఆ మనిషి "వేడి వల్ల" అనుకుని హ్యుమిడిఫయర్ ఇంకా తగ్గిస్తాడు. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతుంది.

ఉక్కపోతలో మాత్రం గదిలోనే కావలసినంత చెమ్మ ఉంది. దాని మీద హ్యుమిడిఫయర్ నాలుగో ఐదో పెడితే గాలి వెచ్చగా, ఆవిరిలా, బరువుగా వస్తుంది. ఊపిరాడనట్టు అనిపించేది అప్పుడే. ఆ రోజుల్లో ఒకటికి తగ్గించండి, లేదా వేడి పూర్తిగా ఆపెయ్యండి.

ఇంకో దారి ఉంది, దీన్ని చాలామంది వాడరు. నీళ్ళ డబ్బా నింపి పెట్టి, వేడిని మాత్రం సున్నా చెయ్యడం. గాలి నీళ్ళ మీదుగా పోతుంది. ఎండాకాలం గదిలో ఆ నీళ్ళు ఎలాగూ గోరువెచ్చగానే ఉంటాయి కనుక కొంత చెమ్మ దానంతటదే గాలిలో కలుస్తుంది. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకుంటుంది కాబట్టి, పొడి వేడిలో గాలి వేడి కాస్త తగ్గుతుంది కూడా. ఏసీ లేని ఇంట్లో, పొడి వేడిలో ముందుగా ప్రయత్నించవలసింది ఇదే అంటాను. సరిపోక గొంతు ఎండితే ఒక్కో మెట్టూ పెంచండి. ఒక్కో మెట్టు దగ్గర రెండు మూడు రాత్రులు ఆగండి. ఒకే రాత్రి మూడు మార్పులు చేస్తే దేనివల్ల బాగుందో ఎలా తెలుస్తుంది?

కూలరు వాడేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. కూలరు చల్లదనంతో పాటు నీటిని కూడా గాలిలో కలుపుతుంది. కిటికీ మూసి కూలరు పెడితే ఒక గంటలో గది ఉక్కపోత గది అయిపోతుంది. కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, హ్యుమిడిఫయర్ వేడి ఆపెయ్యండి.

ఏసీ వాడేవాళ్ళ బాధ ఇంకొకటి. అర్ధరాత్రి ట్యూబులో గుడగుడ, ముక్కు మీద నీటిబొట్టు. ఎందుకొస్తుంది? చల్లటి నీళ్ళ గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే ఇదీ. నీళ్ళ డబ్బాలోంచి 28 డిగ్రీల దగ్గర చెమ్మ నిండిన గాలి బయల్దేరితే ఘనపు మీటరులో 27 గ్రాముల నీరుంటుంది. ట్యూబులో అది 24కి చల్లబడితే సుమారు 22 గ్రాములే పట్టుకోగలదు. మిగతా అయిదు గ్రాములు ఎక్కడికి పోవాలి? ట్యూబు గోడకు. గంటకు దాదాపు రెండు ఘనపు మీటర్ల గాలి వెళ్తుంది, రాత్రి మొత్తం మీద పదిహేను. ఆ నీళ్ళలో సగం ట్యూబులో నిలిచినా ముప్పై నలభై మిల్లీలీటర్లు! గుడగుడలాడకుండా ఎలా ఉంటుంది?

దీనికి ముందు హ్యుమిడిఫయర్ ఒక మెట్టు తగ్గించండి. ఏసీ గాలి నేరుగా ట్యూబు మీద పడకుండా రెక్కలు తిప్పండి. ఫ్యాను కూడా అంతే. మిషను మంచం కంటే కిందుగా ఉంటే పట్టిన నీరు ముఖం వైపు కాకుండా వెనక్కి డబ్బాలోకి జారుతుంది. ఇంకా ఆగకపోతే ఇందాక తీసెయ్యమన్న గుడ్డ తొడుగు మళ్ళీ తొడగండి. అవును, ఏసీ గదిలో అది పనికొస్తుంది, ఏసీ లేని గదిలో అడ్డం. వేడి ట్యూబు ఉంటే రెండు డిగ్రీలు పెంచినా నీరు ఆగుతుంది.

ఇప్పుడు చెమట. నా ఉద్దేశంలో ఎండాకాలం మాస్కు తీసి పారేసేవాళ్ళలో ఎక్కువమందిది గాలి బాధ కాదు, ఈ చర్మం బాధే.

మాస్కు కుషన్ అంచు ఎలా ఉంటుందో ఎప్పుడైనా వేలితో తడిమి చూశారా? చాలా సిలికాన్ మాస్కుల్లో రెండు పొరలుంటాయి. ముఖం వైపు పొర చాలా పలచగా ఉంటుంది. గాలి వచ్చినప్పుడు అది ఉబ్బి మీ చర్మానికి ఆనుకుంటుంది. గాలి బయటికి పోకుండా ఆపేది ఆ ఉబ్బే గానీ పట్టీల బిగువు కాదు. చెమట, జిడ్డు పట్టగానే ఆ పొర జారుతుంది, లీకవుతుంది, కళ్ళలోకి గాలి కొడుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? నిద్రమత్తులో పట్టీ లాగుతాం. లాగితే ఆ పలచటి పొర మడతపడి నలిగిపోతుంది, ఇక ఉబ్బడానికి చోటే ఉండదు. లీకు పెరుగుతుంది. మళ్ళీ లాగుతాం. పొద్దుటికి ముక్కు దూలం మీద ఎర్రటి పుండు.

అందుకని క్రమం ఇలా పెట్టుకోండి. పడుకోబోయే ముందు ముఖం సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. జిడ్డు క్రీములు, పెట్రోలియం జెల్లీ వద్దు. జారడమే కాదు, సిలికాన్‌ను కూడా పాడు చేస్తాయి. కుషన్ రోజూ పొద్దున్నే తేలికపాటి సబ్బునీళ్ళతో కడగాలి. నిన్నటి జిడ్డు మీద ఈ రోజు చెమట పడితే ఏ మాస్కూ నిలవదు. తర్వాత పట్టీలు వదులు చేసి, మీరు రాత్రి పడుకునే భంగిమలో పడుకుని, మిషను ఆన్ చేసి, గాలి వస్తుండగా మాస్కును ముఖం నుంచి ఒక్క క్షణం పైకెత్తి మళ్ళీ వదలండి. పొర ఉబ్బి సర్దుకుంటుంది. అప్పుడు రెండు వైపులా సమంగా, లీకు ఆగేంతవరకే బిగించండి. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలి. కూర్చుని బిగించుకుంటే ఉపయోగం లేదు, పడుకున్నప్పుడు చెంపల ఆకారం మారిపోతుంది. అర్ధరాత్రి చెమటకు జారితే పట్టీ ముట్టుకోవద్దు. పక్కనే చిన్న పొడిగుడ్డ పెట్టుకోండి. మాస్కు ఎత్తి, ముఖమూ కుషనూ తుడిచి, మళ్ళీ పెట్టుకోండి.

కుషన్‌కూ చర్మానికీ మధ్య పలచటి నూలు గుడ్డ తొడుగు వేసుకోవచ్చా? వేసుకోవచ్చు, చెమట పీల్చుకుంటుంది. రోజూ ఉతికినది వాడాలి, మాస్కు గాలి రంధ్రాలకు అడ్డం రాకూడదు, మర్నాడు మిషనులో లీకు అంకె చూసుకోవాలి. కొన్ని మిషన్లు నిమిషానికి 24 లీటర్లు దాటిన లీకును పెద్ద లీకుగా లెక్కిస్తాయి. తొడుగు వేశాక అంత దాటితే అది మీ ముఖానికి కుదరలేదన్నమాట. స్పాంజి కుషన్లు కూడా ఉన్నాయి, చెమటలో బాగానే నిలుస్తాయి. కానీ చాలావాటిని నీళ్ళలో కడగకూడదు, చెమట పీల్చుకుని తొందరగా పాడవుతాయి.

నోరూ ముక్కూ రెండూ కప్పే పెద్ద మాస్కు చర్మాన్ని అన్నిటికంటే ఎక్కువ కప్పుతుంది. ముక్కు రంధ్రాల దగ్గర మాత్రమే ఆనే చిన్న మాస్కుకు చెమట పట్టే చోటే తక్కువ. నోరు మూసుకుని పడుకోగలిగేవాళ్ళు, ప్రెషరు మరీ ఎక్కువ లేనివాళ్ళు, ఎండాకాలానికి చిన్నదానికి మారడం గురించి డాక్టరునో టెక్నీషియన్నో అడగండి. మారితే మిషనులో మాస్కు రకం కూడా మార్చాలి. అది మరిచిపోతే మిషను లీకు లెక్క తప్పు చెబుతుంది.

పట్టీలు కూడా చెమట పీల్చుకుంటాయి. రెండు జతలుంటే ఒకటి ఉతికి నీడలో ఆరేస్తుండగా ఇంకోటి వాడొచ్చు. ఎండలో ఆరెయ్యకండి, సాగుడు పోతుంది. తల తడిగా ఉండగా పట్టీ పెట్టుకోవద్దు. మాస్కు తీశాక అరగంటలో పోయే ఎరుపు గురించి కంగారు వద్దు. పోకుండా నిలిచినా, తోలు లేచినా, పొక్కులొచ్చినా డాక్టరుకు చూపించండి.

మాస్కు ముందు భాగంలో సన్నటి రంధ్రాలుంటాయి, అక్కడినుంచి ఎప్పుడూ గాలి పోతూనే ఉంటుంది. అది లీకు కాదు. మీరు వదిలిన ఊపిరి బయటికి పోవలసిన దారి అదే. చల్లదనానికని తడిగుడ్డ ముఖం మీద వేసుకుని దాన్ని మూయకండి, దుప్పటి తలమీదుగా కప్పుకోకండి. తడిగుడ్డ మెడ వెనక, మణికట్టుల మీద, పాదాల మీద వెయ్యండి. ఫ్యాను గాలి కాళ్ళ వైపు నుంచి రావాలి. గది వేడి 35 దాటితే పొడి చర్మం మీద ఫ్యాను చల్లదనం ఇవ్వదు, చర్మం తడిగా ఉండాలి. పడుకోవడానికి గంట ముందు గోరువెచ్చని స్నానం బాగా పనిచేస్తుంది. ఐసునీళ్ళ స్నానం కంటే ఇదే నయం.

పడుకోగానే ఊపిరాడనట్టు ఉంటే ర్యాంప్, అంటే తక్కువ ప్రెషరుతో మొదలుపెట్టే ఏర్పాటు, చూడండి. చాలా మిషన్లలో ప్రెషరు 4 దగ్గర మొదలై మెల్లగా పెరుగుతుంది. వేడి రాత్రి ఆ 4 చాలదు, గాలి చాలట్లేదనిపించి మాస్కు పీకేస్తారు. మొదలయ్యే ప్రెషరు కొంచెం పెంచొచ్చేమో డాక్టరును అడగండి, మీ అంతట మీరు మార్చొద్దు.

నీళ్ళు రోజూ మార్చాలి. ఈ వేడిలో నిలవ నీళ్ళలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. నిన్నటి మిగులు మీద కొత్త నీళ్ళు పొయ్యడం కాదు, పారబోసి, కడిగి, ఆరబెట్టి, సాయంత్రం డిస్టిల్డ్ నీళ్ళు పొయ్యాలి. అత్తర్లు, సువాసన నూనెలు చుక్క కూడా వద్దు. ఓజోన్‌తో శుభ్రం చేసే పెట్టెలు అమ్ముతుంటారు. వాటి గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2020లోనే హెచ్చరించింది. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ తన మిషన్లను వెనక్కి పిలిచినప్పుడు, లోపలి ఫోము పొడిగా రాలడానికి ఓజోన్ శుభ్రతతో పాటు ఎక్కువ వేడి, ఎక్కువ తేమ కూడా కారణం కావచ్చని చెప్పింది. ఆ కాలపు ఫిలిప్స్ మిషను ఇంట్లో ఉన్నవాళ్ళు సీరియల్ నంబరు సరిచూసుకున్నారా? చూసుకోకపోతే ఈ వారంలో చూసుకోండి. ట్యూబులో నల్లటి పొడి కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

చివరిది కరెంటు. ఎండాకాలం రాత్రిపూట కూడా కోతలు ఉండొచ్చు. కరెంటు పోతే పెద్ద మాస్కులో ఉండే చిన్న కవాటం తెరుచుకుని బయటి గాలి వస్తుంది, చిన్న మాస్కు వాళ్ళు నోటితో పీల్చుకోవచ్చు. అయినా మెలకువ వస్తే మాస్కు తీసెయ్యడమే మంచిది. బ్యాటరీ ఉన్నవాళ్ళు హ్యుమిడిఫయర్ వేడినీ ట్యూబు వేడినీ ఆపేస్తే అదే బ్యాటరీ రెండింతలు, అంతకంటే ఎక్కువసేపు కూడా వస్తుంది, ఎందుకంటే కరెంటు ఎక్కువగా తినేవి ఆ రెండే. ఇన్వర్టరు కొనేవాళ్ళు ప్యూర్ సైన్ వేవ్ రకం చూసుకోండి. బ్యాటరీని గానీ మిషనును గానీ ఎండలో ఆపిన కారులో వదలకండి. ఒకవేళ వదిలి తెస్తే, గది వేడికి చల్లారేదాకా ఆన్ చెయ్యకండి.

ఇవన్నీ చేశాక కూడా వారం రోజుల అంకెల్లో లీకు తగ్గకపోయినా, గంటకు ఊపిరి ఆగే లెక్క మునుపటికంటే పెరిగినా, ఆ రికార్డు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మాస్కులు తెచ్చుకున్నవాళ్ళు ముందుకు రండి, ఈ బల్ల మీద పడుకోబెట్టి పట్టీలు సరిచేసి చూపిస్తాను. మిగతావాళ్ళు ప్రశ్నలు అడగొచ్చు.